బండి కన్నా ముందు దాని బెల్టు కొనండి

ప్రశ్న: నమస్కారమండి. మాది కాట్రేనికోన మండలం. కొబ్బరి తోట, కొంచెం రొయ్యల చెరువులు ఉన్నాయి. మారేడుమిల్లి వెళ్లినప్పుడు ఒకచోట ఏటీవీ, అదే గతుకుల దారుల్లో మోటార్‌సైకిల్‌లా ఎక్కి నడిపే నాలుగు చక్రాల బండి, కాసేపు నడిపాను, అప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. స్నేహితులతో కలిసి కొండదారుల్లో, ఏటి ఇసుకల్లో, మన పుంతల్లో నడపాలని కోరిక. ఏడెనిమిది లక్షల దాకా పెట్టగలను. గతుకుల్లో ఎంత తిప్పినా ఏళ్ల తరబడి మన్నే బండి కావాలి. ఖాళీ రోజుల్లో చెరువు గట్ల మీద మేత బస్తాలు మొయ్యడానికి పనికొస్తే ఇంకా మంచిది. మా బావమరిది ఒక సెకండ్‌హ్యాండ్ బండి చూశాడు. 800 సీసీ పైనే, బీచ్‌లో అద్దెకు తిప్పిందట, సగం ధరకే ఇస్తామంటున్నారు. ఇంజిన్ ఎంత పెద్దదైతే అంత మన్నిక అని అతని మాట. నిజమేనా? మా అబ్బాయికి పదమూడేళ్లు, వాడూ నడుపుతానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: బావమరిది చూసిన బండి వద్దండి. అడ్వాన్సు ఇచ్చేస్తారేమోనని భయమేసి ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. బీచ్‌లో అద్దెకు తిరిగిన బండి అంటే రోజంతా ఉప్పునీటి తుంపర, సన్న ఇసుక, ఎక్కే ప్రతి మనిషీ కొత్తవాడే, యాక్సిలేటర్ తప్ప ఇంకోటి తెలియనివాడే. సాయంత్రం దాన్ని మంచినీళ్లతో కడిగారో లేదో అమ్మేవాడు చెప్పడు. ఉప్పు పైన పెయింటు తిని ఊరుకోదు. వైరింగ్ కనెక్టర్లలోకి దిగి పచ్చగా చిలుము పట్టిస్తుంది, బ్రేక్ క్యాలిపర్లో పిస్టన్లు పట్టేస్తాయి, బండి అడుగును కాపాడే స్కిడ్ ప్లేటుకీ ఛాసిస్‌కీ మధ్య తడి ఇసుక పేరుకుని గొట్టాలు తుప్పెక్కుతాయి. కొత్త స్టిక్కర్లు వేసి, ప్లాస్టిక్కుకి పాలిష్ కొడితే ఇవేవీ కనపడవు. కొన్న మూడో నెలలో సెల్ఫ్ తీసుకోదు, అది చూసుకునేలోగా రేడియేటర్ ఫ్యాన్ తిరగదు, ఆ తర్వాత ఫోర్‌వీల్ పడదు, ఒక్కొక్క వైరూ వెతుక్కుంటూ పోవాలి. వైరింగ్ కుళ్లిన బండిని బాగుచేయించడం కన్నా ఇంజిన్ విప్పి బోరు చేయించుకోవడం తేలిక.

ఇక పెద్ద ఇంజిన్ సంగతి. ఇంజిన్ పెరిగితే బరువు పెరుగుతుంది, మన నేల మీద ఆ ఒక్కటీ మిగతా లాభాలన్నిటినీ మింగేస్తుంది. 850, 1000 సీసీ బండ్లు పెట్రోలు పొయ్యకముందే 350 కిలోల చుట్టూ తూగుతాయి. ధవళేశ్వరం దాటి కిందికొస్తే మనకు రాయనేదే లేదు కదండీ, ఉన్నదంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే, చేలల్లో బంకమన్ను, లంకల్లో ఇసుక మేటలు. తడిసిన బంకమట్టిలో అంత బరువు దిగబడితే చక్రం తిరిగేకొద్దీ కిందికే పోతుంది, పవర్ ఎంత ఎక్కువుంటే గొయ్యి అంత తొందరగా తవ్వుకుంటుంది. బయటికి లాగాలని యాక్సిలేటర్ నొక్కి పట్టి హ్యాండిల్ పూర్తిగా తిప్పారంటే ఆ బలమంతా ముందు యాక్సిల్ సీవీ జాయింట్ల మీద, అంటే చక్రం పక్కకు తిరిగినా దానికి బలం అందించే కీళ్ల మీద, పడి ఏదో ఒకటి విరుగుతుంది. 400 నుంచి 570 సీసీ లోపు బండి చాలావరకు 320 కిలోల లోపే ఉంటుంది. దిగబడినా ముగ్గురు కలిసి ఒక పక్క లేపితే చక్రం కింద కొబ్బరి మట్టలు పడెయ్యొచ్చు. తక్కువ పవర్ అని దిగులు పడకండి, గతుకుల దారిలో గంటకు ఇరవై ముప్పై కిలోమీటర్లు దాటి నడిపే చోటే ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఏళ్ల తరబడి పాడవని బండి అడిగారు. రాళ్లలో, బురదలో, నీళ్లలో తిరిగే ఏటీవీ ఏ కంపెనీదైనా పాడవుతుంది. ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు పంపే బెల్టు అరుగుతుంది, సీవీ జాయింటును కప్పే రబ్బరు తొడుగు, అదే సీవీ బూటు, చిరుగుతుంది, చక్రం బేరింగులోకి నీళ్లు దిగుతాయి, ఇసుకలో తిరిగితే బ్రేక్ ప్యాడ్లు సబ్బుబిళ్లలా అరిగిపోతాయి. కాబట్టి నేను చూసేది ఒకటే, పాడైన బండి కాట్రేనికోనలో ఎన్నాళ్లకు మళ్లీ కదులుతుంది అని. విడిభాగం రాక కొబ్బరి షెడ్డులో ఆర్నెల్లు పట్టా కప్పుకుని కూర్చుంటే ప్రపంచంలోకెల్లా గట్టి ఇంజిన్ అయినా మీకు ఒరిగేదేముంది?

అందుకని ఇలా చెయ్యండి. బండికి డబ్బు కట్టకముందే ఆ డీలర్ దగ్గరికి వెళ్లి ఒక డ్రైవ్ బెల్టు, ముందు యాక్సిల్‌కి ఒక సీవీ బూటు, ఒక సెట్ బ్రేక్ ప్యాడ్లు, ఒక ఎయిర్ ఫిల్టర్ కావాలని అడగండి. ఊరికే ధర అడిగి రావొద్దు, డబ్బిచ్చి బిల్లు తీసుకోండి. ఎన్ని రోజుల్లో చేతికొచ్చాయో చూడండి. వారం పది రోజుల్లో వస్తే ఆ బండి గురించి ఆలోచించొచ్చు. నెల దాటినా "ఫారిన్ నుంచి రావాలి సార్" అంటూ ఉంటే ఇంకో బండి చూసుకోండి, అది ఎంత పేరున్న కంపెనీదైనా సరే. బండి కొన్నాక ఈ నాలుగూ ఎలాగూ ఇంట్లో ఉండాల్సిన సామానే. కొనకపోతే ఆ కొద్ది డబ్బు పోతుంది, లక్షలు మిగులుతాయి. షోరూములో సేల్స్ కుర్రాడు నవ్వుతూ "పార్ట్స్‌కి టెన్షనే లేదండి" అన్నంత మాత్రాన నమ్మొద్దని ఇంతగా చెబుతున్నాను.

మనవైపు ఏది బాగవుతుంది, ఏది కాదు అన్నది కూడా తెలుసుకోవాలి. బేరింగు మీద నంబరు ఉంటుంది, ఆయిల్ సీలుకి కొలత ఉంటుంది, ఆ రెండూ పట్టుకుని భీమవరంలోనో కాకినాడలోనో రాజమండ్రిలోనో బేరింగుల షాపుకి వెళ్తే చాలావరకు అక్కడే దొరుకుతాయి, కంపెనీ పెట్టెలోనే రావాలని లేదు. చెరువుల దగ్గర ఏరేటర్ గేర్‌బాక్సులు విప్పే మెకానిక్కులకు సీళ్లు మార్చడం, నీళ్లు కలిసిన ఆయిల్ గుర్తుపట్టడం రోజూ ఉండే పని, ఏటీవీ డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె, వాళ్లకు కొత్తేమీ కాదు. ఛాసిస్ వెల్డింగ్, బుష్‌లు తిప్పించడం, రేడియేటర్ అతుకు వేయించడం, అన్నీ చేసేవాళ్లు ఉన్నారు. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ (ఈసీయూ), సెన్సార్లు, ఎలక్ట్రానిక్ డిస్‌ప్లే, ఎయిర్ సస్పెన్షన్ లాంటివి పోతే మాత్రం మన మెకానిక్ చేతులెత్తేస్తాడు. బండిలో ఇలాంటివి ఎంత తక్కువుంటే మీకు అంత మంచిది. పవర్ స్టీరింగ్ ఒక్కటీ ఉంచుకోమంటాను. రాయి తగిలినప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు మెలిపడకుండా అది చాలా కాపాడుతుంది, కొండల్లో సాయంత్రానికి భుజాలు పడిపోవు.

బెల్టా, గేర్లా అన్నది తర్వాతి ప్రశ్న. ఈరోజు ఎక్కువ ఏటీవీల్లో ఉండేది యాక్టివాలో ఉండే వేరియేటర్ బెల్టు లాంటిదే, కాకపోతే చాలా పెద్దది. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570, యమహా కొడియాక్ 450, గ్రిజ్లీ 700 అన్నీ ఈ కోవే. నడపడం సుళువు, గేర్ల గొడవ లేదు. నీళ్లు లోపలికి పోతే మాత్రం జారుతుంది, వేడెక్కితే కాలుతుంది. హోండా రాంచర్ 420లో బెల్టే లేదు, గేర్లు, అక్కణ్నుంచి చక్రాలకు షాఫ్టు. నీళ్లకూ బురదకూ దాన్ని మించిన ఏర్పాటు లేదు, ఇంజిన్ కూడా ఏళ్లకేళ్లు కొట్టే రకం. చిక్కేంటంటే దాని మామూలు మోడల్‌కి వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు (సాలిడ్ యాక్సిల్), కింద ఖాళీ ఆరేడు అంగుళాలే. స్పోర్ట్స్‌మన్, గ్రిజ్లీలకు నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, కింద పదకొండు అంగుళాల దాకా ఖాళీ. గట్ల మీద రాంచర్ హాయిగా పోతుంది, మారేడుమిల్లి రాళ్లలో అడుగు కొట్టుకుంటూ పోతుంది. పైగా మన ఊళ్ల హోండా, యమహా షోరూముల్లో ఏటీవీలు దొరకవు, ఎవరో దిగుమతి చేసింది పట్టుకోవాలి. కస్టమ్స్ కాగితాలు సరిగ్గా లేని బండి ఎంత చవకైనా ముట్టుకోవద్దు. పొలారిస్ 2011లోనే మన దేశానికి వచ్చింది, అందుకే ఇక్కడ తిరిగినవాటిలో ఆ కంపెనీ బండ్లు చాలానే ఉన్నాయి, వాటి మీద చెయ్యి పడ్డ మెకానిక్కులూ ఉన్నారు.

బెల్టు బండి తీసుకుంటే ఒక అలవాటు మొదటి రోజే చేసుకోండి. బురదలో దిగేముందు, ఎత్తు ఎక్కేముందు, వెనక బస్తాలున్నప్పుడు, నెమ్మదిగా రాళ్ల మీద పాకించేటప్పుడు లో గేరులో పెట్టండి. హైలో ఉంచి నెమ్మదిగా, బరువుగా లాగిస్తే బెల్టు పుల్లీ మధ్య జారుతూ వేడెక్కుతుంది. బెల్టు కాలిన వాసన ముక్కుకి తగిలిందంటే ఆపి చల్లారనివ్వాలి. బెల్టు బండ్ల మీద మన్నవనే చెడ్డపేరు రావడానికి చాలావరకు ఈ లో గేరు వాడకపోవడమే కారణమని నా గట్టి నమ్మకం.

నీళ్ల విషయంలో కొంచెం ఎక్కువ చెబుతాను, మనకు అసలు గండం అక్కడే ఉంది కాబట్టి. ఇంజిన్ గాలి పీల్చే గొట్టం, బెల్టు పెట్టెలోకి గాలి పోయే గొట్టం, ఈ రెండూ ఎక్కడ ఉన్నాయో కొనేముందు చూడండి, హ్యాండిల్ దగ్గర ఎత్తుగా ఉంటే మేలు. మూడోది ఎవరూ చూడరు. ముందు వెనక డిఫరెన్షియళ్లకు సన్నటి గాలి పైపులు ఉంటాయి. అరగంట నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని బయటి నుంచి ఏదో ఒకటి లోపలికి లాగుతుంది. ఆ పైపు కొస నీళ్లపైన ఉంటే గాలి లాగుతుంది, నీళ్లలో మునిగితే ఆ పైపులోంచే, మట్టి పూడుకుపోతే సీలు పక్కనుంచి నీళ్లు లాగుతుంది. వారం తర్వాత ఆయిల్ తీస్తే పాలు కలిపిన టీ రంగులో వస్తుంది, అదే గుర్తు. వెంటనే మార్చకపోతే గేర్లు తుప్పు పడతాయి. ఆ పైపులు హ్యాండిల్ దాకా పొడిగించడానికి కొన్ని అడుగుల రబ్బరు ట్యూబు చాలు.

ఫుట్‌రెస్టులు మునిగే లోతు ఉంటే బండి దింపొద్దు. ఏటీవీ టైర్లు బెలూన్ల రకం, నీళ్లలో తేలతాయి, తేలిన బండికి పట్టు ఉండదు, పారే నీళ్లయితే బండినీ మనిషినీ పక్కకు లాక్కుపోతాయి. వరద రోజుల్లో కనకాయలంక కాజ్‌వే మీద నీళ్లు పారుతున్నప్పుడు ఫోర్‌వీల్ ఉంది కదాని ఎవరూ దిగకూడదు, దయచేసి. ఎప్పుడైనా నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టనే వద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బయటికి తోసి, స్పార్క్ ప్లగ్ విప్పి, నీళ్లు పోగొట్టి, ఆయిల్ రంగు చూసుకున్నాకే మళ్లీ ప్రయత్నించాలి. బెల్టు పెట్టెలోకి మాత్రమే పోయుంటే దాని కింద డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, అది తీసి న్యూట్రల్‌లో కాసేపు రేస్ చేస్తే ఆరిపోతుంది.

ఉప్పు మీకు రెండువైపుల నుంచీ ఉంది, అటు సముద్రం, ఇటు చెరువు నీళ్లు. చెరువు గట్టు మీద తిరిగొచ్చినా బండిని ఆ పూటే కడగండి. దేనితో కడుగుతున్నారో కూడా చూసుకోండి, మీ వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, దాంతో కడిగితే కడగనట్టే. పంటకాలవ నీళ్లు వాడండి, వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు తాగే నీళ్ల ట్యాంకు నుంచి రెండు బకెట్లయినా పొయ్యండి. ప్రెషర్ పంపుతో బేరింగులు, కనెక్టర్ల మీద సూటిగా కొట్టొద్దు, సీళ్లు దాటించి మనమే నీళ్లు లోపలికి పంపినట్టవుతుంది. కొత్తగా ఉన్నప్పుడే ప్రతి కనెక్టరూ ఊడదీసి తడి పట్టనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూయించండి, ఒక్క పూట పని. సస్పెన్షన్ చేతులకు గ్రీజు నిపుల్స్ ఉన్న బండి అయితే నీళ్లలో తిరిగిన ప్రతిసారీ కొత్త గ్రీజు కొట్టండి, పాతదాంతో పాటు నీళ్లూ ఇసుకా బయటికొస్తాయి.

మారేడుమిల్లి, రంపచోడవరం వైపు ఎర్రమట్టి, రాయి, వేళ్లు, ఏటవాలు. అక్కడ బండి ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. యాక్సిలేటర్ వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచాలి. యమహా బెల్టు బండ్లలో ఈ ఇంజిన్ బ్రేకింగ్ చాలా బాగుంటుంది, పొలారిస్‌లో అన్ని మోడళ్లకూ ఉండదు, అడిగి ఉన్నదే తీసుకోండి. ఇది లేకపోతే తడి దిగుడులో బ్రేకుల మీదే ఆధారపడాలి, చక్రాలు బిగిసి జారతాయి. కింద పూర్తి పొడవునా అల్యూమినియం స్కిడ్ ప్లేటు, సస్పెన్షన్ చేతుల కింద గార్డులు వేయించాలి, ప్లాస్టిక్కువి రాళ్లకు ఆగవు.

టైర్లకు వస్తే, లోతైన కట్టలున్న మడ్ టైర్లు చూడ్డానికి భలే ఉంటాయి కానీ మీకు వద్దు. పెద్దవీ బరువైనవీ వేస్తే బెల్టు మీదా సీవీ జాయింట్ల మీదా భారం పెరుగుతుంది, రాళ్ల దారిలో ఒళ్లు హూనమవుతుంది, కొబ్బరి తోటలో వేళ్లన్నీ పీకేస్తాయి. కంపెనీ సైజులోనే ఆరు ప్లై ఆల్ టెరైన్ టైర్లు వేయించండి. గాలి సాధారణంగా 4 నుంచి 7 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది, సరైన అంకె ఫెండర్ మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. పంక్చర్ షాపులో కుర్రాడు మోటార్‌సైకిల్ లెక్కన ముప్పై కొట్టేస్తాడు, పక్కన నిలబడి చూసుకోండి, తక్కువ ఒత్తిడి చూపించే గేజు ఒకటి మీ దగ్గరే పెట్టుకోండి.

మేత బస్తాల విషయంలో, స్పోర్ట్స్‌మన్ 570 లాంటిదానికి వెనక ర్యాక్ 80 కిలోలు, ముందు 40 కిలోల దాకా మోస్తుంది, అంటే పాతిక కిలోల బస్తాలు వెనక మూడు, ముందు ఒకటి. అంతకుమించి కట్టొద్దు, గట్టు మలుపులో బండి ముందు చక్రాలు తేలిపోతాయి. వర్షం పడ్డ రాత్రి తర్వాత చెరువు గట్టు అంచులు జారుతుంటాయి, ముందు నడిచి చూశాకే బండి ఎక్కించండి.

ఇక చట్టం సంగతి. ఇక్కడ అమ్మే ఏటీవీల్లో ఎక్కువ వాటికి రోడ్డు రిజిస్ట్రేషన్ కాదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా అక్కరకు రాదు. ఊళ్లో రోడ్డు దాటించడానికైనా ఆలోచించండి. ఈ మోడల్‌కి రిజిస్ట్రేషన్ అవుతుందా లేదా అని డీలర్ దగ్గర కాగితం మీద రాయించుకోండి. దూరం వెళ్లాలంటే టాటా ఏస్‌లో ఎక్కించాలి. బండి దాదాపు ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది, ఏస్ తొట్టి కొలుచుకుని మాట్లాడుకోండి. రాట్చెట్ బెల్టులు నాలుగు మూలలా ఛాసిస్‌కి వేసి బిగించాలి, ర్యాక్‌కి కడితే ఊడొస్తుంది. అడవిలో ఎక్కడ పడితే అక్కడ తిప్పడం కుదరదు, పాపికొండల నేషనల్ పార్కు, కోరింగ అభయారణ్యం, మీ పక్కనున్న మడ అడవులు, వీటిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్తే కేసు అవుతుంది. సముద్రపు ఒడ్డున ఇసుక మీద కూడా వద్దంటాను. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, చక్రం పడితే గూడు మొత్తం పోతుంది. తిప్పుకోవడానికి సొంత తోటలు, తెలిసినవాళ్ల లంక భూములు, ఏజెన్సీలో అనుమతితో నడిపించే దారులు ఉన్నాయి.

మీ డబ్బుకి నా సలహా ఇదీ. ముందు లక్షన్నర పక్కన తీసి పెట్టండి. స్కిడ్ ప్లేటు, టైర్లు, దిగబడ్డ బండిని తాడుతో బయటికి లాగే 3000 పౌండ్ల స్థాయి వించి, మీకూ మీతో వచ్చేవాళ్లకూ మంచి హెల్మెట్లు, చీలమండ దాటే బూట్లు, స్పేర్ బెల్టు, టైరు ప్లగ్ కిట్, చిన్న గాలి పంపు, ఇవన్నీ అందులో రావాలి. మిగిలిన డబ్బులో 450 నుంచి 570 సీసీ మధ్య, ఒక్క సిలిండరు, ఫ్యూయల్ ఇంజెక్షన్, షాఫ్ట్ డ్రైవ్, ఫోర్‌వీల్, లో గేరు, ఇంజిన్ బ్రేకింగ్ ఉన్న యుటిలిటీ బండి చూడండి. చెయిన్‌తో వెనక రెండు చక్రాలే తిరిగే స్పోర్ట్ బండ్లు మీ పనికి రావు, బంకమట్టిలో చెయిన్ నిలవదు. ఆన్‌లైన్‌లో లక్షకు అటూ ఇటూ వచ్చే 110, 125 సీసీ బండ్లు చదును నేల మీద ఆడుకోవడానికే. బెల్టు పరీక్షలో డీలర్ నిలబడితే నా ఓటు స్పోర్ట్స్‌మన్ 570 తరగతికి. కాగితాలు సక్రమంగా ఉన్న రాంచర్ ఎక్కడైనా దొరికి, మీ తిరుగుడు ఎక్కువ మన మట్టిలోనే అనుకుంటే అది తీసుకోండి, రాళ్లలో కొంచెం ఓపిక పట్టాలి. కొత్తది బడ్జెట్ దాటితే ఉప్పు తగలని సెకండ్‌హ్యాండ్ చూడండి, తోటలో వాడింది అయితే మరీ మంచిది.

పాతది చూసేటప్పుడు మీటరు మీద కిలోమీటర్లతో పాటు గంటలు కూడా ఉంటాయి. కిలోమీటర్లను గంటలతో భాగించండి, పది కూడా రాలేదంటే ఆ బండి ఎక్కువ కాలం బురదలో నెమ్మదిగా వేడెక్కుతూ నడిచినట్టు లెక్క, కిలోమీటర్లు తక్కువ ఉన్నాయని మురిసిపోవద్దు. జాకీ మీద లేపి ప్రతి చక్రాన్నీ పైనా కిందా పట్టి ఊపండి, లొడలొడలాడితే బేరింగో బాల్ జాయింటో పోయింది. సీవీ బూట్లు వేలితో విప్పదీసి మడతల్లో చూడండి, చీలిక అక్కడే దాక్కుంటుంది. రెండు డిఫరెన్షియళ్ల ఆయిల్ బొట్టు తీసి చూపించమనండి, ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఎయిర్ ఫిల్టర్ తీసి, దాని వెనక ఇంజిన్ వైపు గొట్టంలో గుడ్డ పెట్టి తుడవండి, ఇసుక నలుసు అంటితే ఆ ఇంజిన్ లోపల ఇసుక తిని ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చెయ్యాలి, మీరు వెళ్లేసరికి వేడిగా ఉంటే ఇంకో రోజు ఉదయాన్నే చెప్పకుండా వెళ్లండి.

చివరగా మీ అబ్బాయి. ఈ బండి వాడికి ఇవ్వకండి, మీరు వెనక కూర్చుని కూడా ఇవ్వకండి. ఒక్కడే కూర్చునే బండ్లివి, సీటు పొడుగ్గా ఉండేది నడిపేవాడు బరువు ముందుకీ వెనక్కీ పక్కకీ జరుపుకోవడానికి, రెండో మనిషి ఉంటే ఆ వీలు పోతుంది. 1970లో హోండా మూడు చక్రాలతో ఈ రకం బండి తెచ్చింది. అవి తిరగబడి పిల్లలు, పెద్దలు ఎంతోమంది దెబ్బలు తిని, చనిపోయి, చివరికి అమెరికాలో 1988లో మూడు చక్రాలవి అమ్మడమే ఆపేశారు. నాలుగు చక్రాలవీ తిరగబడతాయి. మూడొందల కిలోలు పదమూడేళ్ల పిల్లాడి ఛాతీ మీద పడితే లేపడానికి పక్కన మనుషులు ఉండాలి, ఉన్నా ఆలస్యమవుతుంది. 16 ఏళ్లు నిండనివాళ్లు నడపకూడదని పెద్ద బండ్ల మీద కంపెనీయే స్టిక్కరు అంటిస్తుంది. వాడికి అంత ఇష్టమైతే వాడి వయసుకని కంపెనీ రాసిచ్చిన, 90 సీసీ దాటని పిల్లల బండి, వేగం బిగించే స్క్రూ ఉన్నది, కొబ్బరి తోటలో బోదెలకు దూరంగా చదును చోట, హెల్మెట్ పెట్టి, మీరు పక్కన నిలబడి నేర్పండి. మీ బండి తాళం మాత్రం ఇంట్లో మేకుకి తగిలించకుండా మీ జేబులోనే ఉంచుకోండి.